చి.ల.సౌ. ఎర్ర గీతకు

ఉభయకుశలోపరి. మేము అనంతపురం తిరిగి చేరుకున్నాం. నువ్వు మాత్రం బెంగళూరులో హెబ్బాళ దగ్గరే ఉంటావు కాబట్టి నీ చిరునామా కోసం ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

గుర్తుపట్టావా? మొన్న శుక్రవారం సాయంత్రం ఫోన్‌లోని మ్యాపులో బళ్లారి రోడ్డు పొడుగునా నువ్వు పడుకుని ఉంటే, నీ నడుము దగ్గర ఇరుక్కున్న బూడిదరంగు కారు మాది. పట్టుచీర కట్టుకుని, ఒళ్లో ఓళిగల డబ్బా పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నది మా ఆవిడ. ఆ రోజు మా 25వ పెళ్లిరోజు.

2000లో, పెళ్లయిన కొత్తలో, ఇద్దరం బెంగళూరుకు ఎర్రబస్సులో వచ్చాం. ఈ రోడ్డును అప్పట్లో ఏడో నంబరు హైవే అనేవాళ్లు, ఇప్పుడు 44 అయింది. లాల్‌బాగ్‌లో 1889 నాటి గ్లాస్ హౌస్ ముందు నిలబడి ఫోటో తీయించుకున్నాం. అందులో నేను కళ్లు మూసుకున్నాను. ఆ సంగతి ఎత్తకుండా మా ఇంట్లో ఒక్క పండగైనా గడవలేదు. అదే చోట, ఈసారి కళ్లు తెరుచుకుని, ఇంకో ఫోటో దిగాలి. ప్రయాణం పెట్టుకున్నదే అందుకు. రాత్రి మంచి భోజనం, మర్నాడు గాంధీ బజార్ విద్యార్థి భవన్‌లో దోసె అన్నవి తర్వాత చేరినవి.

పన్నెండింటికి బయల్దేరాం. పెనుకొండ కొండను చూస్తూ, కొడికొండ చెక్‌పోస్టు దాటి, బాగేపల్లిలో టీకి ఆగాం. కర్ణాటకలోకి వచ్చేశామని నేను కన్నడంలో రెండు మాటలు కూడబలుక్కుంటుంటే, టీకొట్టాయన ‘చక్కెర ఎంత వేయాల సార్?’ అన్నాడు. అంతవరకూ ఫోన్‌లో గీత నీలంగానే ఉంది. యలహంక దాటాక చివర్న కాస్త నారింజ కనిపించింది. ఆ తర్వాత నువ్వు.

లాల్‌బాగ్ చేరేది 5:10కి అని చూపించింది. కాసేపటికి 5:25 అంది. ఇంకాసేపటికి 5:50. మేము ఉన్నచోటే ఉన్నాం. ఊరే మెల్లగా వెనక్కి జరుగుతోంది.

‘ఏమండీ, ఇంత ఎర్రగా ఉందేమి?’ అంది మా ఆవిడ.

ఇలాంటివి వివరించడం నాకు ఇష్టం కదా, మొదలుపెట్టాను. బండ్లలో ఉన్న ఫోన్లు తాము ఎక్కడున్నాయో, ఎంత వేగంతో పోతున్నాయో పైకి చెబుతుంటాయి, అవన్నీ నత్తనడక నడుస్తుంటే గీత ఎర్రబడుతుంది అన్నాను. 2020లో బెర్లిన్‌లో ఒక కళాకారుడు చిన్న బండిలో 99 ఫోన్లు వేసుకుని వీధిలో లాక్కుంటూ నడిస్తే, ఖాళీ వీధి కూడా మ్యాపులో ఎర్రబడిందని కూడా చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించింది.

‘అయితే మన రెండు ఫోన్లలో ఒకటి ఆపేస్తే కొంచెం తగ్గుతుందేమో?’

ఆపేసింది కూడా. నా ఫోనే. నువ్వు రవ్వంతైనా తగ్గలేదు. అంటే ఇంతసేపూ నేను తిట్టుకుంటున్న గీతలో నా వాటా కూడా ఉంది, కానీ ఆ వాటా వెనక్కి తీసుకునే హక్కు మాత్రం నాకు లేదు. ఉమ్మడి ఆస్తి అంటే ఇదే కాబోలు.

పెళ్లిరోజుకు ఆమె కెంపు ఉంగరం అడిగింది, ఈ సంగతి నీకు తెలియాలి. వచ్చే ఏడు చూద్దాం అన్నాను. కన్నడంలో కెంపు అంటే ఎరుపే. ఈ ఊరికి 1537లో పునాది వేసినాయన పేరు కెంపేగౌడ. పేరు చూస్తే నీ పునాది కూడా ఆ రోజే పడిందేమోనని నాకు అనుమానం. ఊరికి నాలుగు దిక్కులా ఉన్న కెంపేగౌడ గోపురాలు దాటి ఊరు పెరగకూడదని పెద్దలు అనుకున్నారని ఇక్కడ చెప్పుకుంటారు. వాటిలో ఒకటి మేఖ్రి సర్కిల్ దగ్గరుంది. మేమింకా హెబ్బాళలోనే ఉన్నాం. ఆ లెక్కన ఊళ్లోకి అడుగే పెట్టలేదు. ‘ఉంగరం అడిగితే కెంపు గీత ఇప్పించినావు’ అంది ఆవిడ. బిగించిన కిటికీల మధ్య ఆ మాటకు నేను ఎక్కడికి పోగలను?

లక్ష్మణుడు గీసిన గీత బయటివాళ్లను లోపలికి రానివ్వలేదు. నువ్వు లోపలివాళ్లను బయటికి పోనివ్వవు. ఇదే ఊళ్లో సిల్క్ బోర్డు కూడలి దగ్గర మీ పెద్దక్క ఉందట, ఆమె ముందు నువ్వు పసిపిల్లవని అందరూ అంటారు. నమస్కారాలు చెప్పు.

ఆరింటికి ఫోన్‌కు జాలేసింది. ఎడమ పక్క సందులోంచి వెళ్తే మూడు నిమిషాలు కలిసొస్తుందంది. మూడు నిమిషాల మీద ఆశతో తిప్పాను. సందు సన్నబడింది, ఇంకా సన్నబడింది, చివరికి రోడ్డుకు అడ్డంగా పెళ్లివారి షామియానా. కింద ఎర్ర కుర్చీలు, పక్కన గాడిపొయ్యి మీద సాంబారు గంగాళం. తిప్పడానికి చోటు లేదు. కుర్చీలు మోస్తున్న కుర్రాడు ఒకడు వెనక నిలబడి ‘బర్లి, బర్లి, బర్లి... సాకు!’ (రానీ, రానీ... చాలు!) అని కన్నడంలో అరుస్తుంటే, సందు మొత్తం రివర్స్‌లో వచ్చాను. అద్దంలో మామిడి తోరణం దూరమైపోతుంటే ఆవిడ అటే చూస్తూ, ‘పెళ్లి రోజున పెళ్లి పందిట్లో నుంచి వెనక్కి పోయేది మనమేనేమో’ అంది. ఆ మాటలో ఇంకేమైనా ఉందా అని ఆ తర్వాతి సిగ్నల్ దాకా ఆలోచించాను. సిగ్నల్ దూరం కాబట్టి చాలాసేపే ఆలోచించాను.

నీ దగ్గరికి తిరిగొచ్చేసరికి ఇందాక మా వెనకున్న గుడ్ల వ్యాను ముందుకు వెళ్లిపోయింది. మా చోటు పోయింది.

డబ్బా మూత తీశాం. ఓళిగలు ఆరు. నెయ్యి గడ్డకట్టి అంచుల్లో తెల్లగా నిలబడింది. ఆమె ఒకటి తుంచి నా నోట్లో పెట్టింది, నా చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయని. కారు నిలబడే ఉంది, చేతులు తీయొచ్చు. ఆ మాట నేను ఎత్తలేదు. పక్క ఆటో అతను డబ్బా వంక చూసి నవ్వాడు. కిటికీ దించి అతనికీ ఒకటి ఇచ్చింది. మదనపల్లె మనిషట. ‘ఏం పండగమ్మా?’ అన్నాడు తెలుగులో. చెప్పింది. ‘మీరు ముందు పోండి’ అని ఆటోను పక్కకు జరిపి దారి ఇచ్చాడు. రెండడుగులు. పెళ్లిరోజుకు వచ్చిన కానుక అదొక్కటే.

లాల్‌బాగ్ గేటుకు చేరేసరికి ఏడున్నర. తాళం వేసేశారు. గేటు ముందే ఆమె ఫోన్‌లో ఫోటో తీసుకున్నాం. ఫ్లాష్ పడి నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.

శనివారం సంగతి నీకు అనవసరం. దోసె తిన్నాం, బాగుంది.

ఆదివారం పొద్దున ఆరింటికి తిరుగు ప్రయాణం. మేఖ్రి సర్కిల్ నుంచి హెబ్బాళ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దాటిందో తెలియలేదు. నువ్వు లేవు. అంతా నీలమే. ఆమె ఫోన్ వంక, రోడ్డు వంక మార్చిమార్చి చూసి, భయంగా నా మోచెయ్యి పట్టుకుంది.

‘ఒక్క బండీ లేదు, దారి తప్పినట్టుండాం. ఎవరినన్నా అడుగుదామా?’

ఇట్లు,
నీలో ఒక చుక్క