ఈఫిల్ టవర్ మీద హైతీ పేరెందుకు లేదు?

ఈఫిల్ టవర్ మొదటి అంతస్తు కింద చుట్టూతా 72 మంది శాస్త్రవేత్తలు, ఇంజినీర్ల పేర్లు బంగారు రంగు అక్షరాల్లో కనిపిస్తాయి. డబ్బు పెట్టినవాళ్ల పేర్లు మాత్రం లేవు. 1889లో పూర్తయిన ఆ టవర్‌కు అప్పిచ్చిన బ్యాంకుల్లో సీఐసీ అనే ప్యారిస్ బ్యాంకు ఒకటి. ఒకప్పుడు ఫ్రాన్స్ బానిసలతో తోటలు సాగుచేయించిన కరీబియన్ దేశం హైతీ. ఆ రోజుల్లోనే దాని ఖజానాను గుప్పిట్లో పెట్టుకున్నదీ అదే బ్యాంకు. హైతీ సొమ్ముతోనే టవర్ లేచిందనడం అతిశయోక్తి. కానీ రెండు లావాదేవీలూ నడిపిన చెయ్యి ఒక్కటే.

హైతీకీ ఒక గొప్ప కట్టడం ఉంది. ఉత్తరాన మిలో ఊరి పైన, కొండ మీద దాదాపు 900 మీటర్ల ఎత్తున నిలబడిన సిటడెల్ కోట అది. బానిసలు తిరగబడి ఫ్రాన్స్‌ను ఓడించి 1804లో స్వాతంత్ర్యం తెచ్చుకోగానే, ఫ్రెంచివాళ్లు మళ్లీ దండెత్తుతారన్న భయంతో ఒకప్పటి బానిస ఆంరీ క్రిస్టోఫ్ దాన్ని కట్టించాడు. గోడల మందం కొన్నిచోట్ల 4 మీటర్లు. ఫిరంగి గుండ్లు ఇప్పటికీ అక్కడ గుట్టలుగా పేర్చి ఉన్నాయి. వాటిని ఫ్రాన్స్ మీద పేల్చే అవసరమే రాలేదు.

ఎందుకంటే ఫ్రాన్స్ కొండెక్కలేదు. 1825లో పదవ చార్లెస్ రాజు పంపిన యుద్ధనౌకలు నేరుగా హైతీ రాజధాని పోర్టోప్రిన్స్ రేవుకు వచ్చాయి. స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కక్కాలి, ఫ్రెంచి ఓడలకు సుంకం సగానికి తగ్గించాలి అన్నారు. ఆ డబ్బు తోటలు, బానిసలు పోయిన యజమానులకు నష్టపరిహారమట! గెలిచినవాడు ఓడినవాడికి జరిమానా కట్టాలన్నమాట. 3 కోట్ల తొలి వాయిదాయే ఆ ఏడాది హైతీ ప్రభుత్వ ఆదాయానికి సుమారు ఆరు రెట్లు. కట్టలేక ప్యారిస్ బ్యాంకుల దగ్గరే అప్పు చేశారు. కాగితం మీద 3 కోట్లు, కమిషన్ పోను చేతికొచ్చింది 2 కోట్ల 40 లక్షలు. మన లోన్ యాప్‌లు ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని మిగిలింది ఖాతాలో వేసినట్టే. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు కానీ అప్పటికే ఉరి బిగిసింది.

1875లో సీఐసీ ఇప్పించిన మరో అప్పులో ప్యారిస్ వాళ్లు ముందే పట్టుకున్నది ఏకంగా 40 శాతం. 1880లో హైతీకి ‘జాతీయ బ్యాంకు’ పెట్టిందీ సీఐసీయే. పేరుకే జాతీయం, పెత్తనమంతా ప్యారిస్‌ది. హైతీ ప్రభుత్వం తన డబ్బు తాను జమ చేసినా, ఖర్చు పెట్టినా కమిషన్ కట్టాల్సిందే.

హైతీని ముంచింది సొంత నేతలే అనేవాళ్లున్నారు. నిజమే, క్రిస్టోఫే వేలమంది చేత వెట్టి చేయించాడు. తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో నియంతలుగా ఏలిన డువాలియే తండ్రీకొడుకులు చేసిన దోపిడీ అందరికీ తెలుసు. అయితే? దొంగలు పడ్డ ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకున్నారని, మొదటి దొంగ పత్తిత్తు అయిపోడు.

నా బాధ ఫ్రాన్స్ ఒక్కదాని గురించే కాదు. ప్రపంచంలో ఏ కట్టడం దగ్గరికెళ్లినా బోర్డు మీద శిల్పి పేరు, ఎత్తు, ఎన్ని టన్నుల ఇనుము అన్నదే ఉంటుంది. డబ్బు ఎవరి జేబులోంచి వచ్చిందన్నది ఎవరూ రాయరు. యునెస్కో 1982లో సిటడెల్‌ను వారసత్వ జాబితాలో చేర్చింది, సంతోషం. ఆ కోట ఏ దెబ్బను ఆపలేకపోయిందో ప్యారిస్‌లోనూ రాసి పెట్టాలి కదా!

2003లో హైతీ అధ్యక్షుడు అరిస్టీడ్ 2,100 కోట్ల డాలర్లకు పైగా తిరిగివ్వమని అడిగాడు. మరుసటి ఏడాదే పదవి పోయింది. 2015లో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు ఓలాండ్ బాకీ తీరుస్తానన్నాడు. ఆ మాట వేడి చల్లారకముందే ఆయన సిబ్బంది అది ‘నైతిక’ బాకీ మాత్రమేనని సవరించారు. 2025 ఏప్రిల్‌లో మాక్రాన్ రెండు దేశాల చరిత్రకారులతో ఉమ్మడి కమిషన్ ప్రకటించాడు. చరిత్రలో తేలాల్సింది ఇంకేముంది? కావాల్సింది వడ్డీతో సహా లెక్క కట్టే ఆడిటర్లు, చెల్లింపు మొదలయ్యే తేదీ.