వాన కారణంగా మట్టి పండగ వాయిదా

విశాఖవాసులకు శుభవార్త. మన ఊళ్లో ఒక నర్సరీ బడిలో ఇకమీదట పిల్లలు ఆడుకోవడానికి ఇసుక దొరుకుతుంది. టర్మ్ ఫీజు కాకుండా విడిగా కట్టాలి. వారానికి రెండు రోజులు, రోజుకి 10 నిమిషాలు. కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టి, సంచుల్లో సీలు వేసి ఎక్కడో దూరాన్నుంచి తెప్పించిన ఇసుక. ఆ బడి ఉన్న మేడ మీద నిలబడి తూర్పుకి తిరిగితే బంగాళాఖాతం కనిపిస్తుంది. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా ఆ నీళ్ల పక్కన పరుచుకుని ఉన్న పదార్థం ఏమిటో యాజమాన్యం వారి దృష్టికి ఇంతవరకూ ఎవరూ తీసుకెళ్లినట్టు లేదు.

బడి పేరు చెప్పను. చెప్పి లాభమూ లేదు. సీతమ్మధార నుంచి మధురవాడ దాకా సందుకొకటి ఉంది ఇలాంటిది. మా మేనకోడలు తన మూడేళ్ల కొడుకుని అందులో వేసింది. చేర్చుకునే ముందు వాడికి ఇంటర్వ్యూ జరిగింది. మన సుపుత్రుడు టేబుల్ కిందికి దూరి, బయటికి రానుగాక రానన్నాడు. 'చైల్డ్ ఈజ్ ఎక్స్‌ప్లోరేటివ్' అని రాసుకుని డబ్బులు కట్టించుకున్నారు.

బ్రోచర్ చూశాను. అట్ట మీద 'అవుట్‌డోర్ ప్లే బేస్డ్ లెర్నింగ్' అని బంగారు రంగు అక్షరాలు. కింద ఫోటోలో పసుపు జుట్టు పిల్లలు నలుగురు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లేసుకుని, ఏదో చలిదేశపు అడవిలో బురదగుంటలోకి దూకుతున్నారు. లోపలి పేజీలో జాతీయ విద్యావిధానం 2020, మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ, ఆటపాటలతోనే చదువు. అన్నీ నిజమే, ఒక్క అక్షరం తప్పు లేదు. ఇక బడివారి అవుట్‌డోరు అంటే డాబా. దాని మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి, పైన షేడ్ నెట్టు, చుట్టూ మనిషెత్తు ఇనప గ్రిల్లు. ఏప్రిల్‌లో పదకొండింటికి ఆ గడ్డి మీద గుమ్మడి వడియాలు పెడితే పన్నెండుకల్లా డబ్బాకెత్తుకోవచ్చు. అందుకని ఎండాకాలం అవుట్‌డోరు లోపల, ఏసీ గదిలో జరుగుతుంది.

లిఫ్టు పక్కన గోడ మీద పెద్దల పటాలు వరసగా ఉన్నాయి. బొట్టు పెట్టడం ఒక్కటే తక్కువ. మొదటాయన ఫ్రోబెల్. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో పసిపిల్లల కోసం బడి తెరిచి, తలా ఒక చిన్న మడి ఇచ్చి, మీ మొక్కలు మీరే పెంచుకోండర్రా అన్న మనిషి. పక్కన మాంటిస్సోరి. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, రెండో ప్రపంచయుద్ధం పుణ్యమా అని ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయారు. ఆ పక్కన మార్గరెట్ మెక్‌మిలన్. 1914లో లండన్ డెప్ట్‌ఫర్డ్‌లో, గాలీ వెలుతురూ లేని ఇరుకిళ్లలో మగ్గుతున్న పేదపిల్లల కోసం ఆరుబయట తోటలో నర్సరీ నడిపిన మహాతల్లి. చివర మన గిజుభాయి బధేకా. వకీలు పని మానేసి, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టి, పిల్లల్ని కొట్టకండి, భయపెట్టకండి అని మొత్తుకుని 'మీసాల అమ్మ' అనిపించుకున్నాయన. నలుగురూ లిఫ్టు తలుపుకేసి చూస్తూ ఉంటారు. లిఫ్టు దిగిన పిల్ల వాళ్ల ముందు నుంచే గదిలోకి వెళ్లి కూర్చుని, పుస్తకం తీసి స్టాండింగ్ లైన్లు, స్లీపింగ్ లైన్లు గీస్తుంది. ఆ బడిలో పొద్దున్నపూట పడుకునే అవకాశం ఆ గీతకొక్కదానికే ఉంది.

ఇదంతా ఒక ఎత్తు. జూన్ 29న జరిగిన మడ్ డే ఒక్కటీ ఒక ఎత్తు. మట్టికి కూడా ఒక రోజుందనీ, దాన్ని దేశదేశాల్లో జరుపుతారనీ నాకూ అప్పుడే తెలిసింది. వారం ముందే వాట్సాప్‌లో సర్క్యులర్ వచ్చింది. పిల్లలకి గోధుమ రంగు టీషర్టు వేసి పంపాలి. 'ఐ లవ్ మడ్' అని రాసి ఉన్న టీషర్టు బడి కౌంటర్లో దొరుకుతుంది. ప్రతి పిల్లా జిప్ కవర్లో 100 గ్రాముల శుభ్రమైన మట్టి తెచ్చుకోవాలి. అమ్మమ్మలకీ తాతయ్యలకీ కూడా ఆహ్వానం.

శుభ్రమైన మట్టి! తల్లిదండ్రుల గ్రూపు ఆ రాత్రి నిద్రపోలేదు. ఆర్గానిక్ మట్టి పర్వాలేదా అని ఒకావిడ. కుక్కర్లో మూడు విజిల్స్ వస్తే చాలా, నాలుగా అని ఇంకొకావిడ. మీరు నవ్వుతున్నారు, నాకు స్క్రీన్‌షాట్ చూపించారు. ఎర్రమట్టి అయితే మరకలు వదలవు, వేరే రంగు అనుమతిస్తారా అని ఒక తండ్రి అడిగారు. ఎర్రమట్టి మాటెత్తొద్దని మా మేనకోడలికి నేనూ చెప్పాను. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లుగా ఉన్నాయి, నిజమే. కానీ వాటిని తవ్వుకుపోవడం పెద్దవాళ్ల పని, పిల్లలు వేలు పెట్టకూడదు. చివరికి ఒక సాఫ్ట్‌వేర్ నాన్న ఆన్‌లైన్లో కోకోపీట్ ఇటుక తెప్పించి అందరికీ పంచాడు. అది కొబ్బరి పీచుపొడి, మట్టి కాదు. అయితేనేం, అంటుకోదు, వాసన రాదు. మట్టి పండగకి అంతకన్నా మంచి మట్టి ఏముంటుంది?

ఆ రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి వాన మొదలైంది. సన్నజల్లు కాదు, మబ్బు కొండ మీంచి దిగి వీధి వీధంతా కడిగేసే వాన. బడి ముందు రోడ్డు మీద పాదం మునిగేంత నీళ్లు, పక్క ఖాళీ స్థలంలో జిగురు జిగురుగా అసలు సిసలు బురద. భగవంతుడు సరంజామా అంతా గుమ్మంలోకి డెలివరీ చేసి, చార్జీ కూడా అడగలేదు. ఇలా అందరం లోపలికి వచ్చి కూర్చున్నామో లేదో, సెంటర్ హెడ్ మేడమ్ మైకు పట్టుకుని ప్రకటించారు. వాన కారణంగా అవుట్‌డోర్ మడ్ డే వాయిదా పడింది, పిల్లల భద్రతే మా ప్రాధాన్యం, కాబట్టి ఇన్‌డోర్ మడ్ ఎక్స్‌పీరియెన్స్ నిర్వహిస్తాం.

నిర్వహించారు. నీలం రంగు ట్రేలు నాలుగు. ఒక్కో ట్రేలో రెండంగుళాల కోకోపీట్. పిల్లలకి ప్లాస్టిక్ ఏప్రన్లు, చేతులకి గ్లౌజులు. ఆ గ్లౌజులు పెద్దవాళ్ల సైజు. పసివాళ్ల వేళ్లు సగంలోనే ఆగిపోయి, మిగతా సగం ఖాళీగా వేలాడుతోంది. టీచరమ్మ ఒక్కొక్కరినీ పిలిచి, చేయి ట్రేలో పెట్టించి, ఫోటో తీసి, తడి టిష్యూతో తుడిచి, శానిటైజర్ కొట్టి, తరవాతివాణ్ని పిలిచింది. తిరుపతి లడ్డూ కౌంటర్ దగ్గర కూడా ఇంత క్రమశిక్షణ చూడలేదు. 'హౌ డస్ మడ్ ఫీల్?' అని అడిగితే మా వాడు గ్లౌజులకేసి చూసి 'రబ్బర్' అన్నాడు. వాడొక్కడే నిజం చెప్పాడు. వాడి షీటులో సెన్సరీ రెస్పాన్స్ అన్న చోట 'నీడ్స్ సపోర్ట్' అని పడింది.

ఇంతలో పిల్లలు ఒక్కొక్కరే జారుకుని కిటికీకి అతుక్కుపోయారు. ఎదురుగా అపార్ట్‌మెంట్ కడుతున్నారు. రోడ్డు వారన ఇసుక కుప్ప, వానకి తడిసి నల్లబడింది. పని ఆగిపోయింది కాబట్టి కూలీల పిల్లలిద్దరు కుప్ప ఎక్కారు. ఆరేళ్ల అక్క, నాలుగేళ్ల తమ్ముడు. అక్క పిచ్చుక గూళ్లు కడుతోంది. ఎడమ పాదం ఇసుకలో దూర్చి, పైన దోసిళ్లతో పోసి, అరచేత్తో తట్టి తట్టి గట్టిపరిచింది. పాదం వెనక్కి లాగే దగ్గర ఉంది విద్యంతా. మడమ ఎత్తితే కప్పు లేచిపోతుంది, పక్కకి కదిపితే గోడ బీటలిస్తుంది. మొదటి గూడు కూలింది. పైన ఇసుక మరీ నీళ్లోడుతోందని కనిపెట్టి, కుప్ప అడుగున చేయి పెట్టి, తడి తక్కువగా ఉన్నది తవ్వి తెచ్చింది. ఈసారి నిలబడింది. తమ్ముడు గుమ్మం ముందు పుల్ల గుచ్చి 'కరెంటు స్తంభం' అన్నాడు. కాసేపు చూసి, వాడే కాలితో తన్నేశాడు. అక్క వీపు మీద ఒక్కటేసింది. వాడు ఏడ్చాడు. ఏడుస్తూనే మళ్లీ ఇసుక మోయడానికి వెళ్లాడు. మా టీచరమ్మ చేతిలో షీటు మీద ఏమేం గళ్లున్నాయో ఆ పావుగంటలో అన్నీ నిండిపోయాయి. 'కమాన్ కిడ్స్, ఫోకస్ ఆన్ ద మడ్' అని ఆవిడ చప్పట్లు కొట్టి, కిటికీ కర్టెన్ వేసేసింది.

నా పక్కన నిలబడ్డ ఆయమ్మ చిన్నగా అంది: 'ఏటి బాబూ, ఆ గుంటలు ఇసకలో ఆడితే రోగాలొచ్చేస్తాయంట. ఈ గుంటలు ఆడకపోతే బుర్ర ఎదగదంట. ఏటో, ఇద్దరిదీ ఒక్క ఈడే కదా.'

టీ తాగేటప్పుడు మేడమ్‌తో నాలుగు ముక్కలు మాట్లాడాను. ఫిన్లండ్‌లో డేకేర్ పెరళ్లలో అడవి నేల తెచ్చి పరిచి, పిల్లల్ని 28 రోజులు అందులో ఆడించి చూశారు, ఒంటి మీద మేలు చేసే సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రోగనిరోధక శక్తి తీరు మెరుగైన సూచనలు రక్తంలో కనిపించాయి, 2020లో అచ్చయింది అన్నాను. గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ మరో 40 నిమిషాలు ఆరుబయట ఉంచితే, మూడేళ్లలో హ్రస్వదృష్టి, అంటే దూరానివి మసకగా కనిపించే జబ్బు, వచ్చినవాళ్లు 30.4 శాతం, మామూలుగా వదిలేసిన బడుల్లో 39.5 శాతం అన్నాను. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకి 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందనీ అన్నాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. 'వెరీ నైస్ సార్, ఇది మా ఇన్‌స్టాలో పెడతాం' అన్నారు.

ఆవిణ్ని ఒక్కదాన్నీ అని ఏం లాభం? అదే సమావేశంలో ఒక నాన్న లేచి, ఇవన్నీ బానే ఉన్నాయి మేడమ్, పిల్లాడి చేత ఏబీసీడీలు ఎప్పుడు రాయిస్తారు అని అడిగాడు. హాల్లో చప్పట్లు పడ్డాయి. ఆ రోజు మొత్తంలో మనస్ఫూర్తిగా పడ్డ చప్పట్లు అవే. పిల్ల ఆడుకుంటుంటే మనకి డబ్బులు వేస్టవుతున్నట్టుంటుంది. ఆటకి సర్టిఫికెట్ ఇస్తామంటే మాత్రం ఈఎంఐలో కడతాం.

చట్టం సంగతి చూడండి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో బడికి ఉండాల్సిన వసతుల్లో ఆటస్థలం ఉంది. కానీ ఆ హక్కు 6 నుంచి 14 ఏళ్లవాళ్లకి. అంతకన్నా చిన్నపిల్లలకైతే ప్రభుత్వాలు ఏర్పాట్లు 'చేయవచ్చు'. చేయవచ్చట! నేల అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నది మూడేళ్లవాడికే. వాడికి మాత్రం మూడో అంతస్తులో రెండు బెడ్‌రూములు చాలు.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది, 1975 అక్టోబరు 2 నుంచీ ఉంది. ఊళ్లో ఎన్ని కేంద్రాలు అద్దె గదుల్లో, కాలవ పక్కన, గుమ్మం దాటితే బళ్లు తిరిగే చోట నడుస్తున్నాయో ఏ కాలనీలోనైనా వెళ్లి చూడండి. ఆ కార్యకర్త గుడ్లు లెక్కపెట్టాలి, పాలు పంచాలి, బరువులు తూచాలి, ఫోన్లో యాప్‌తో కుస్తీ పట్టాలి. మిగిలిన టైములో ఆడించాలి. ఎక్కడ ఆడిస్తుంది, తల మీదా? 2023 డిసెంబరులో జీతాలు పెంచమని రాష్ట్రమంతా వాళ్లు సమ్మెకి దిగారు. అప్పటిదాకా గుర్తుకురానిది జనవరిలో హఠాత్తుగా గుర్తొచ్చింది: అంగన్‌వాడీ అత్యవసర సేవ! వెంటనే సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. అంత అత్యవసరమైన సేవకి పెరడు ఇవ్వడానికి ఏ గవర్నమెంటుకీ చేతులు రాలేదు. నర్సరీ పేరుతో గదుల్లో పిల్లల్ని కుక్కేవాళ్లని ఆపే జీవో ఒక్కటి రాదు గానీ, పసిపిల్లల్ని సాకే ఆడవాళ్లు కడుపు నిండా జీతం అడిగితే మాత్రం జీవోలు రాత్రికి రాత్రే వస్తాయి. సిగ్గుండాలి.

మట్టంటే భయమంటారా? వన్‌టౌన్ వైపు ఏ ఇంట్లోనైనా కిటికీ ఊచ మీద వేలు పెట్టి రాయండి, నల్లగా అంటుకుంటుంది. రేవు నుంచి వచ్చే ఆ బొగ్గుధూళి పీల్చే పిల్లల ముక్కులకి ఎవరూ ఏ శానిటైజరూ కొట్టలేదే! ఊపిరితిత్తుల్లోకి పోయేదాన్ని వదిలేసి, అరచేతికి అంటిన ఇసుకని మూడుసార్లు తుడిచే ఊరు మనది.

ఆగస్టు నెల కార్యక్రమం నిన్ననే గ్రూపులో వచ్చింది. ఈసారి ట్రీ క్లైంబింగ్. బడి గేటు పక్కన 2014లో హుద్‌హుద్‌కి కూడా పడకుండా నిలబడ్డ బాదం చెట్టు ఒకటుండేది. బోర్డు కనపడటం లేదని కిందటేడు కొట్టించేశారు. దాని బదులు డాబా మీదకి ఫైబర్ చెట్టు వస్తోంది. నాలుగు కొమ్మలు, ఆకులు విడిగా బిగించుకోవచ్చు, ఎత్తు రెండడుగులు. కోతికొమ్మచ్చి ఆడించడానికి సర్టిఫైడ్ ఇన్‌స్ట్రక్టర్ వస్తాడట. సీట్లు పరిమితం. హెల్మెట్ బయట కొన్నది పనికిరాదు, బడి కౌంటర్లోనే తీసుకోవాలి.