భయాన్ని దాచని సాహసి

జాన్ నోక్స్ ఇక లేరు. 2017 మే 28, ఆదివారం నాడు, 83 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. మన పాఠకుల్లో చాలామందికి ఈ పేరు కొత్తే, ఎందుకంటే ఆయన పనిచేసిన బీబీసీ పిల్లల కార్యక్రమం 'బ్లూ పీటర్' మన ఇళ్లలోకి రాలేదు. కానీ 1960ల్లో, 70ల్లో బ్రిటన్ వెళ్లి అక్కడి ఆస్పత్రుల్లో పనిచేసిన మన డాక్టర్లు చాలామందే ఉన్నారు. అక్కడే పెరిగిన వాళ్ల పిల్లలు ఇప్పుడు యాభై దాటి ఉంటారు, వాళ్లలో ఎవరైనా మీకు తెలిస్తే ఒకసారి నోక్స్ గురించి అడిగి చూడండి. సోమవారం, గురువారం సాయంత్రాల్లో ఆ దేశంలో పిల్లలంతా టీవీ ముందు చేరేవారు, వాళ్లలో ఎక్కువమంది ఎదురుచూసింది ఈయన కోసమే.

పిల్లల కార్యక్రమంలో యాంకర్‌గా చేసిన మనిషికి సంపాదకీయం రాయాలా అని ఎవరికైనా అనిపించవచ్చు. రాయాలనే మేము అనుకున్నాం. ఒక తరం పిల్లలకు ధైర్యం అంటే ఏమిటో చూపించిన మనిషికి అంతకంటే తక్కువ గౌరవం సరిపోదు, పైగా ఆయన జీవితంలో మన టీవీ వాళ్లు చూసి తెలుసుకోవాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి.

నోక్స్ పుట్టింది 1934లో, యార్క్‌షైర్‌లో హాలిఫాక్స్ దగ్గర షెల్ఫ్ అనే ఊళ్లో. వైమానిక దళంలో విమానం ఇంజిన్లు బిగించే పని నేర్చుకున్నారు, ఆ తర్వాత నటన మీద మనసు పడి నాటకాల్లోకి వెళ్లారు. లెస్టర్‌లో నాటకం ఆడుతుండగా స్థానిక పత్రికలో పడిన ఆయన ఫోటో 'బ్లూ పీటర్' నడుపుతున్న బిడ్డీ బాక్‌స్టర్ కంటపడింది. అలా 1965 డిసెంబర్ 30న మొదటిసారి ఆ కార్యక్రమంలో కనిపించిన మనిషి 1978 జూన్ దాకా, అంటే పన్నెండున్నరేళ్లు అక్కడే ఉన్నారు. ఆ కార్యక్రమంలో ఇప్పటిదాకా అంతకాలం చేసినవాళ్లు ఇంకెవరూ లేరు. అప్పటి బీబీసీలో అందరూ ఒకే రకం సానబెట్టిన ఇంగ్లీషు మాట్లాడుతుంటే ఈయన మాత్రం తన ఊరి యాసలోనే మాట్లాడేవారు, పిల్లలకు దగ్గరవ్వడానికి అది కూడా ఒక కారణం అని మా నమ్మకం. నిజానికి తాను బాగా సిగ్గరినని, టీవీలో కనిపించే ఆ అల్లరి నోక్స్ తాను వేసిన వేషమేనని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

ఇక లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో, బ్రిటన్ నౌకాదళ వీరుడు నెల్సన్ పేరిట నిలబెట్టిన నెల్సన్ స్తంభం సంగతి. నోక్స్ అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. 1977లో దాన్ని శుభ్రం చేసే పని పెట్టుకున్నారు, పైన ఉన్న నెల్సన్ విగ్రహం మీద, దాని చుట్టూ పావురాల రెట్ట పేరుకుపోయింది. కింది నుంచి విగ్రహం టోపీ దాకా దాదాపు 170 అడుగుల ఎత్తు. ఎత్తైన కట్టడాల మీద పనిచేసేవాళ్లు స్తంభానికి ఒకదాని మీద ఒకటి నిచ్చెనలు కట్టారు. వాళ్లతో పాటు 43 ఏళ్ల నోక్స్ ఎక్కారు, నడుముకు తాడు లేదు, సేఫ్టీ బెల్టు లేదు, ఏమీ లేదు. స్తంభం నిటారుగా ఉన్నంత వరకు ఎలాగో ఎక్కవచ్చు, అసలు ప్రమాదమంతా పైనే ఉంది. విగ్రహం నిలబడిన దిమ్మె స్తంభం కంటే వెడల్పు, నాలుగు పక్కలా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని దాటాలంటే నిచ్చెన వెనక్కి వాలుతుంది, అంటే ఎక్కేవాడి వీపు నేల వైపు తిరుగుతుంది, బరువంతా చేతుల మీదే. ఆ ఘట్టంలో ఆయన ముఖం చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. ఇప్పుడు తన కింద ఏమీ లేదని, నిచ్చెన పట్టుకుని గాల్లో వేలాడుతున్నానని ఆ ఫిల్మ్‌కు ఇచ్చిన వ్యాఖ్యానంలో ఆయనే పిల్లలకు చెప్పారు. హీరోలా పోజు పెట్టలేదు, 'నాకేం భయం' అనలేదు. భయపడుతూనే ఎక్కారు, భయపడుతున్నట్టు పిల్లలకు కనబడనిచ్చారు, మళ్లీ అదే దారిలో కిందికి దిగారు.

మాకు ఆయనలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. భయం లేనివాణ్ణి చూసి పదేళ్ల పిల్లాడు చప్పట్లు కొడతాడు, అంతకు మించి నేర్చుకునేది ఏమీ ఉండదు. చేతులు వణుకుతున్నా ఒక్కో మెట్టూ ఎక్కే పెద్దాయనను చూస్తే, రేపు స్టేజీ ఎక్కి పద్యం చెప్పాలన్నా, చెరువులో మొదటిసారి దిగాలన్నా, తనకు కలిగే భయం సిగ్గుపడాల్సిన విషయం కాదని వాడికి తెలుస్తుంది. నోక్స్ దెబ్బలు కూడా దాచలేదు. మంచు మీద బాబ్‌స్లెడ్‌లో దూసుకుపోతూ బోల్తాపడినప్పుడు, కమిలిపోయిన ఒంటిని స్టూడియోలో కెమెరా ముందు చూపించారు. 1973లో వైమానిక దళం పారాచూట్ జట్టుతో కలిసి 25,000 అడుగుల ఎత్తు నుంచి దూకారు, అంత ఎత్తు నుంచి దూకి పారాచూట్ తెరవకుండా అంత దూరం పడిన మొదటి బ్రిటన్ పౌరుడు ఆయనే. దానికి కూడా శిక్షణ ఎలా తీసుకున్నారో, ఎక్కడ తడబడ్డారో, అన్నీ పిల్లల ముందే పెట్టారు.

1969లో స్టూడియోకు లులు అనే ఏనుగు పిల్లను తెచ్చినప్పటి గొడవ కూడా చెప్పుకోవాలి. అది స్టూడియో మధ్యలోనే మూత్రం పోసింది, పేడ వేసింది, తన మావటిని ఆ తడి నేల మీద ఈడ్చుకుపోయింది, నోక్స్ కాలు తొక్కింది, ఆయన వెళ్లి ఆ పేడలోనే కాలు వేశారు. ఇదంతా ఎక్కడా కోయకుండా ప్రసారం చేశారు. ఆ పని చేసిన నిర్మాతలకు కూడా మేము నమస్కరిస్తాం. పిల్లలకు చూపించేది శుభ్రంగా, తీర్చిదిద్దినట్టు ఉండాలని వాళ్లు అనుకోలేదు. ఇవాళ మన చానళ్లలో పిల్లల కార్యక్రమం అంటే ఏముంది? పెద్దల సినిమా పాటలకు చిన్న పిల్లలతో డ్యాన్సులు వేయించడం, మార్కులు వేయడం, ఎలిమినేట్ అయిన పసివాడి ఏడుపును స్లో మోషన్‌లో చూపించడం. పిల్లల్ని పెట్టి పెద్దల కోసం తీసే కార్యక్రమాలు అవి. అచ్చంగా పిల్లల కోసం ఒక పెద్ద మనిషి వారానికి రెండుసార్లు తన ఒళ్లు కష్టపెట్టుకునే కార్యక్రమం ఒక్కటి ఎవరైనా చూపిస్తే మేము సంతోషిస్తాం.

అలాగని ఆ రోజులే బంగారం అని మేము అనడం లేదు. సేఫ్టీ బెల్టు లేకుండా 170 అడుగులు ఎక్కించడం ఏ కాలంలోనైనా తప్పే. ఆ స్తంభం ఎక్కిన రోజు సంస్థ తనకు బీమా చేయించలేదన్న సంగతి నోక్స్‌కు ఆ తర్వాత గానీ తెలియలేదు. పెళ్లాం బిడ్డలున్న మనిషి, ఒక్క అడుగు జారితే ఆ కుటుంబం గతేమిటని ఆఫీసులో ఒక్కరైనా అడగాల్సింది. జీతం కూడా అంతంత మాత్రమేనని ఆయన ఎన్నోసార్లు వాపోయారు. లక్షల ఇళ్లలో పిల్లలు పేరు పెట్టి పిలిచే మనిషికి, ప్రాణం పణంగా పెట్టి సంస్థకు ఇంత పేరు తెచ్చిన మనిషికి దక్కాల్సింది అది కాదు. ఇప్పుడు సంతాప సందేశాల్లో ఆయన్ను ఎంతైనా పొగడవచ్చు, పనిచేస్తున్న రోజుల్లో చూపించని శ్రద్ధకు అది బదులు కాదు. టీవీ షూటింగుల్లో, సినిమా ఫైట్లలో దెబ్బలు తినే మనవాళ్ల విషయంలోనూ ఇదే జరుగుతోందని మేము ఇదే చోట ఇంకోసారి చెప్పదలచుకున్నాం.

షెప్ విషయంలో జరిగింది ఇంకా బాధ కలిగిస్తుంది. నోక్స్‌తో పాటు టీవీలో కనిపించిన బోర్డర్ కోలీ జాతి కుక్క అది. ఎప్పుడూ ఆయన మీదికి ఎగబడుతూ ఉండేది, 'కిందికి దిగు షెప్' అని ఆయన అరిచే అరుపు ఆ దేశంలో సామెతలా అయిపోయింది. ఆయనా షెప్ కలిసి దేశమంతా తిరిగిన 'గో విత్ నోక్స్' అనే కార్యక్రమం కూడా కొన్నేళ్లు నడిచింది. కానీ కుక్క సంస్థది. ఉద్యోగం వదిలి వెళ్లేటప్పుడు, దాన్ని ప్రకటనల్లో వాడుకోకూడదన్న షరతు మీద ఇస్తామన్నారు. ఏళ్ల తరబడి తన వెంట తిరిగిన ప్రాణికి షరతులేమిటని నోక్స్‌కు మనసు విరిగింది, షెప్ వేరే ఇంటికి వెళ్లింది. సంస్థ వైపు నుంచి చూస్తే ఆ నిబంధనకు కారణం ఉంది, ప్రజల డబ్బుతో నడిచే చానల్‌లో పేరు తెచ్చుకున్న కుక్కతో వ్యాపారం జరగకూడదన్నది సబబే. అయినా నిబంధన పాటిస్తూనే ఒక మనిషి మనసు నొప్పించకుండా ఉండే దారి వెతికితే దొరికేది. 1987లో ఒక టీవీ కార్యక్రమంలో షెప్ ఎలా ఉందని అడిగితే, అది ఈ మధ్యే చనిపోయిందని చెబుతూ నోక్స్ అందరి ముందే ఏడ్చేశారు. స్తంభం ఎక్కినప్పుడు తన భయాన్ని దాచుకోనట్టే ఆ దుఃఖాన్నీ దాచుకోలేదు.

బీబీసీ వదిలాక భార్యతో కలిసి పడవలో ప్రపంచం చుట్టి రావాలని బయలుదేరారు, సముద్రం అడ్డం తిరగడంతో అది సాగలేదు, చివరికి స్పెయిన్‌కు చెందిన మజోర్కా దీవిలో స్థిరపడ్డారు. టీవీ మొహం పెద్దగా చూడలేదు. 2000 జనవరిలో మాత్రం ఒకసారి పాత సహచరులు పీటర్ పర్వ్స్, వలెరీ సింగిల్టన్‌తో కలిసి కనిపించారు. 1971లో ఈ ముగ్గురూ ఒక పెట్టెను భూమిలో పాతి, 2000లో తీస్తామని పిల్లలకు మాటిచ్చారు. చెప్పినట్టే వచ్చి తవ్వారు. లోపలివన్నీ నీళ్లకు నానిపోయి ఉన్నాయి, అయినా చిన్నప్పుడు ఆ మాట విన్నవాళ్లు తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూశారు. పిల్లలకు ఇచ్చిన మాట ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత నిలబెట్టుకోవడం చిన్న సంగతి కాదు.

చివరి రోజుల్లో ఆయన అల్జీమర్స్‌తో బాధపడ్డారు. 2015 జూన్‌లో, మంచి ఎండల్లో, ఇంటి నుంచి బయటికి వెళ్లి తప్పిపోయారు. పోలీసులు గంటల తరబడి వెతికితే ఒక కాలువ గుంతలో గాయాలతో దొరికారు. ఆ కొన్ని గంటలూ బ్రిటన్‌లో నడివయసు మనుషులు సొంత ఇంటి పెద్దాయన తప్పిపోయినంత టెన్షన్ పడ్డారు. తనకే అన్నీ మరపున పడుతున్న మనిషిని వాళ్లెవరూ మరిచిపోలేదు.

ఆయన భార్యకు, కుటుంబానికి మా సంతాపం తెలుపుతున్నాం. బీబీసీకి ఒక విన్నపం కూడా చేస్తున్నాం. నెల్సన్ స్తంభం ఫిల్మ్‌ను ఈ వారం పిల్లల చానల్‌లో మొదటి మెట్టు నుంచి మళ్లీ నేల మీద కాలు పెట్టేదాకా పూర్తిగా వేయండి. బెల్టు లేకుండా అలా ఎక్కించడం తప్పని, బీమా సంగతితో సహా, ముందే పిల్లలకు చెప్పి మరీ వేయండి.