కొరియాలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: తిరుగుతున్న మాటలకు సమాధానం

"ఇంగ్లీషు వచ్చి, ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, దక్షిణ కొరియాలో టీచరు కావచ్చు. విమాన టికెట్టు, ఇల్లు వాళ్లే ఇస్తారు. రోజుకు నాలుగు గంటలు పిల్లలతో ఆటలాడిస్తే సరిపోతుంది. నెలకు లక్షన్నర మిగులుతుంది, తీరిక వేళల్లో ట్యూషన్లు చెప్పుకుంటే ఇంకా అదనం." ఈ మాటలు కొద్దిపాటి తేడాలతో మన వాట్సాప్ గ్రూపుల్లోనూ వీడియోల్లోనూ తిరుగుతున్నాయి. వీటిని నమ్మి డబ్బు పోగొట్టుకునే అవకాశం ఉన్నవారు ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మన పిల్లలే కాబట్టి ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించడం అవసరం.

డిగ్రీ, ఇంగ్లీషు ఉంటే చాలన్నది అన్నిటికంటే పెద్ద తప్పు. కొరియాలో విదేశీయులు ఇంగ్లీషు బోధించడానికి సాధారణంగా ఇచ్చేది ఈ-2 వీసా. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల పౌరులకే అది పరిమితం. మన దగ్గర ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పొందినా భారత పాస్‌పోర్టుతో ఆ దారి తెరుచుకోదు. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్–కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ఒక చిన్న వెసులుబాటు కల్పించిన మాట నిజమే. అయితే అది పాఠశాలల్లో ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయులకు మాత్రమే వర్తిస్తుంది, డిగ్రీకి తోడు ఇంగ్లీషు బోధనకు సంబంధించిన ఉపాధ్యాయ అర్హతను కోరుతుంది, ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలకు వర్తించదు. ప్రభుత్వ బడులకు విదేశీ ఉపాధ్యాయులను ఎంపిక చేసే, 1995లో మొదలైన ఎపిక్ కార్యక్రమం ప్రకటించే అర్హ దేశాల జాబితాలో భారతదేశం లేదు. ఒప్పందంలోని ఆ ఒక్క వాక్యాన్ని చూపించి "ఇండియన్లకు కూడా వీసా ఇస్తున్నారు" అని ప్రచారం చేయడం సగం నిజం చెప్పి పూర్తిగా మోసగించడమే.

అర్హత ఉన్న దేశాల పౌరులకు కూడా ఇది చేయి చాపితే అందే ఉద్యోగం కాదు. డిగ్రీ పత్రానికీ, జాతీయ స్థాయి నేర చరిత్ర ధ్రువపత్రానికీ అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా సొంత దేశ ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) వేయించుకోవాలి, కొరియాలో దిగాక మాదకద్రవ్యాల పరీక్షతో కూడిన వైద్య పరీక్షకు హాజరు కావాలి. ఒకప్పుడు హెచ్ఐవీ పరీక్ష కూడా తప్పనిసరిగా ఉండేది. కొరియా సహోద్యోగులకు లేని ఆ పరీక్షను మళ్లీ చేయించుకోవడానికి నిరాకరించి ఉద్యోగం కోల్పోయిన ఒక న్యూజీలాండ్ ఉపాధ్యాయురాలు ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీని ఆశ్రయించగా, ఆ కమిటీ 2015లో ఆమె పక్షాన నిలిచింది, 2017లో ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. విదేశాల్లో పనిచేసే ఏ ఉపాధ్యాయుడైనా కృతజ్ఞతతో తలుచుకోవలసిన పోరాటం అది.

అమెరికా లేదా ఆస్ట్రేలియా పౌరసత్వం ఉన్న తెలుగువారికి చట్టప్రకారం ఈ దారి తెరిచే ఉంది. అయినా దరఖాస్తుతో పాటు ఫోటో అడగడం అక్కడ మామూలు. ట్యూషన్ కేంద్రాల యజమానుల్లో కొందరు తల్లిదండ్రుల ఇష్టం పేరు చెప్పి తెల్లవారినే కోరుకుంటారన్నది భారతీయ, ఆఫ్రికన్ మూలాలున్న ఉపాధ్యాయులు పదేపదే చెబుతూ వచ్చిన అనుభవం. ప్రచార వీడియోలు ఈ సంగతి ఎత్తకపోవడం నన్ను బాధిస్తుంది.

ఇక నాలుగు గంటల పని. ఎపిక్ ఒప్పందంలో వారానికి 22 తరగతుల బోధన ఉంటుందన్నది నిజం, కానీ బడిలో ఉండవలసింది రోజుకు ఎనిమిది గంటలు. పాఠాల తయారీ, సెలవుల్లో జరిగే ఇంగ్లీషు శిబిరాలు, పిల్లలెవరూ రాని రోజుల్లో కూడా బల్ల దగ్గరే కూర్చోవలసిన గంటలు, ఇవన్నీ అందులో భాగమే. పల్లె ప్రాంతాల్లో నియమితులైనవారు వారంలో రెండు మూడు బడులకు బస్సుల్లో తిరగవలసి వస్తుంది. తరగతిని వారానికి ఒక్కసారే కలిసే బడుల్లో ఒక ఉపాధ్యాయుడి ముందుకు కొన్ని వందల మంది పిల్లలు వస్తారు. కొరియాలో ఇంగ్లీషు పాఠ్యాంశంగా మూడో తరగతిలో మొదలవుతుంది, కానీ అప్పటికే ట్యూషన్లలో ఏళ్ల తరబడి చదివిన పిల్లవాడూ, అక్షరాలు కూడా రాని పిల్లవాడూ పక్కపక్కనే కూర్చుంటారు. ఆ ఇద్దరికీ ఒకే నలభై నిమిషాల్లో ఉపయోగపడే పాఠం చెప్పడాన్ని ఆటలాడించడం అనడం ఆ వృత్తిని అవమానించడమే. ఆటలు ఉంటాయి, అయితే పక్కన ఉండే కొరియా ఉపాధ్యాయులతో కూర్చుని ముందే ఆలోచించి అల్లుకున్న పాఠంలో భాగంగా ఉంటాయి. హగ్వన్ అనే ప్రైవేటు కేంద్రాల్లో పని వేళలు మరీ వేరు. పిల్లలు బడి అయ్యాక వస్తారు గనుక అక్కడ చాలామందికి పని మధ్యాహ్నం మొదలై రాత్రి వరకు సాగుతుంది. సియోల్‌లో ఆ కేంద్రాలు రాత్రి 10 గంటలకు మూతపడాలన్న నిబంధన పెట్టవలసి వచ్చిందంటే అక్కడి చదువుల ఒత్తిడి ఎంతటిదో ఊహించవచ్చు.

నెలకు లక్షన్నర మిగులుతుందన్న మాట లెక్కకు నిలవదు. ఎపిక్‌లో తొలి మెట్టు మీద ఉన్నవారి జీతం 20 లక్షల వోన్లను కొద్దిగా దాటుతుంది, అంటే మన డబ్బులో దాదాపు లక్షా పాతిక వేలు. మొత్తం జీతమే అంతైతే అందులోంచి లక్షన్నర మిగలడం ఎలా? 2025లో కొరియా కనీస వేతనం గంటకు 10,030 వోన్లు, పూర్తికాల ఉద్యోగికి నెలకు 20,96,270 వోన్లు. ఈ టీచరు తొలి జీతం అక్కడి కనీస వేతనానికి దగ్గర్లోనే ఉందన్నమాట. పింఛను, ఆరోగ్య బీమా, పన్ను అందులోంచే పోతాయి. ఇంటి అద్దె యాజమాన్యం భరిస్తుందన్నది చాలావరకు నిజమే, కానీ ఇచ్చేది సాధారణంగా ఒక్క గది ఇల్లు. నిర్వహణ రుసుము, కరెంటు, శీతాకాలంలో నేలను వేడిచేసే గ్యాసు బిల్లు టీచరే కట్టుకోవాలి. ఎపిక్‌లో ప్రయాణ ఖర్చు కింద ఇచ్చే భత్యం చేరాకనే అందుతుంది, ఆరు నెలల లోపు మానేస్తే తిరిగి చెల్లించాలి. పొదుపుగా ఉంటే కొంత మిగులుతుంది. ఏడాది పూర్తిచేస్తే చట్టప్రకారం సుమారు ఒక నెల జీతం అదనంగా వస్తుంది. ఆ సొమ్ము ఎగ్గొట్టడానికి పదకొండో నెలలోనే ఉద్యోగం ఊడబెరికే యజమానులు ఉంటారన్నది అక్కడి ఉపాధ్యాయులు కొత్తవారికి తరచుగా చేసే హెచ్చరిక.

ట్యూషన్ల సలహా వీటన్నిటికంటే ప్రమాదకరం. ఈ-2 వీసా మీద ఉన్నవారు ప్రైవేటుగా పాఠాలు చెప్పడం చట్టవిరుద్ధం. మరో సంస్థలో అదనంగా పనిచేయాలన్నా ముందుగా ఇమ్మిగ్రేషన్ అనుమతి కావాలి. పట్టుబడితే జరిమానా పడుతుంది, దేశం నుంచి పంపివేయవచ్చు కూడా. అదనపు ఆదాయమని ఊరించేవారికి ఈ సంగతి తెలియదనుకోను.

ఇప్పుడు అసలు అడగవలసిన ప్రశ్న డబ్బు ఎవరు ఎవరికి ఇస్తున్నారన్నది. టీచర్లను వెతికిపెట్టే ఏజెంట్లకు కొరియాలో రుసుము చెల్లించేది సాధారణంగా బడి లేదా హగ్వన్, టీచరు కాదు. కనుక ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందుగా లక్షలు అడిగే వ్యక్తినీ, సందర్శక వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని చెప్పే వ్యక్తినీ ఒక్క రూపాయి కూడా చెల్లించకుండా అక్కడికక్కడే నిరాకరించాలి. సందర్శక వీసా మీద పాఠం చెప్పడం నేరం, దాని ఫలితాన్ని అనుభవించేది ఏజెంటు కాదు, వెళ్లిన మనిషే. బీఎడ్ చేసి ఇంగ్లీషు చెబుతున్నవారు నిజంగా కొరియాలో పనిచేయాలనుకుంటే తమకు ఏ నిబంధన వర్తిస్తుందో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయాన్నో, చెన్నైలోని కాన్సులేట్‌నో నేరుగా అడిగి, సమాధానాన్ని రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.