గోల్కొండ–చార్మినార్ సొరంగం గారికి

సొరంగం గారూ,

మిమ్మల్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా హైదరాబాదులో మీకున్నంత పేరు ఏ కట్టడానికీ లేదు. గోల్కొండలో గైడు ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొడతాడు. ఆ చప్పుడు ఎక్కడో పైన బాలాహిసార్‌లో వినబడుతుంది. అంత పనితనం చెవులారా విన్నాక కూడా జనం అడిగేది ఒకటే: "అన్నా, సొరంగం ఎక్కడ?" ఆయన తాళం వేసిన తలుపొకటి చూపిస్తాడు. ఫొటోలన్నీ ఆ తాళానికే.

మీ మీద నా కోపం పాతదే. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు కోటను ముట్టడించాడు. తానీషాకు మీ అవసరం పడిందే అప్పుడు. మీరేమో పత్తా లేరు. చివరికి లోపలివాడే తలుపు తీస్తే మొఘలులు దర్వాజాలోంచే దర్జాగా వచ్చి, ఆయన్ని దౌలతాబాదుకు పట్టుకుపోయారు. రాజు తప్పించుకోవడానికే మిమ్మల్ని తవ్వారంటారు కదా, ఆ రాత్రి సెలవు పెట్టారా?

ఇంకో డౌటు. గోల్కొండ మూసీకి ఇవతల, చార్మినార్ అవతల. మీరు నది కిందనుంచే వెళ్ళాలి మరి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మీలోకి చుక్క నీరు దిగినట్టు ఏ కథలోనూ లేదు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ, పాపం, మీరొస్తారని తెలియక 1578లోనే మూసీ మీద పురానాపూల్ వంతెన కట్టించాడు. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతున్నారు.

చార్మినార్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, పత్తర్‌గట్టీలో, మొహర్రం సంతాపం జరుపుకునే బాద్షాహీ అషూర్‌ఖానా ఉంది. చార్మినార్ లేచిన కొద్ది ఏళ్ళకే కట్టారు. గోడ పైభాగాన పసుపు, నీలం, ఆకుపచ్చ పింగాణీ ముక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఇప్పటికీ తళతళలాడతాయి. చూపు కిందికి దించితే తళుకు ఆగిపోతుంది. డిజైను అదే, కానీ ఒట్టి రంగు. ఆ వరద పాడుచేసిన మేర తర్వాత అలా గీసి సరిపెట్టారు. ఆ రెండూ కలిసే చోట కాసేపు నిలబడాలి. నూరేళ్ళు దాటిన వరద ఎక్కడిదాకా కొరికిందో గోడే చెబుతుంది. చూద్దాం రండిరా అని దోస్తుల్ని పిలిస్తే, "అందులో సొరంగం ఉందా?" అంటారు.

ఒకవేళ మీరు నిజంగానే ఉన్నారనుకుందాం. దయచేసి బయటపడకండి. కనబడ్డ మర్నాడే మీ వాకిట్లో మొబైల్ కవర్ల బండి వెలుస్తుంది, పక్కనే పార్కింగ్ రసీదులు చింపేవాడు వస్తాడు. వారం తిరక్కుండా లోపలి గోడ మీద బాణం గుచ్చిన గుండె, అటో పేరు, ఇటో పేరు. నమ్మకపోతే గోల్కొండ గోడల్ని అడగండి, ఎన్ని జంటల్ని మోస్తున్నాయో!

ఇట్లు,
మదీనా సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయి, మీరుంటే ఎంత బాగుండునో అనుకునే
ఒక నగరవాసి