ఒకే గుడ్డ

నిన్న పొద్దున బస్టాండు దగ్గర ఇడ్లీకి కూర్చున్నా. టేబుల్ తుడిచిన గుడ్డతోనే ప్లేటూ తుడిచి ముందు పెట్టాడు కుర్రాడు. ఏందయ్యా ఇది అంటే, "తడి లేకుండా తుడిచినా సార్" అన్నాడు. తడి గురించి కాదు నాయనా నా బాధ!

పార్సిల్ కట్టేవాడు ఇంకో రకం. కవరు విడిపోవడానికి లోపలికి ఉఫ్ అని ఊదుతాడు. అందులోనే పొగలు కక్కే సాంబారు పోస్తాడు. ప్లాస్టిక్కూ ఫ్రీ, వాడి ఊపిరీ ఫ్రీ.

గోడ మీద వెంకన్న ఫొటో, పక్కనే ఫుడ్ లైసెన్సు. దాని నంబరు 14 అంకెల్లో సగం నూనె జిడ్డు కిందే ఉన్నాయి. అయినా లైసెన్సు ఉంటే వంటగది కడిగినట్టేనా? అది తేల్చడానికే కదా ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ హైజీన్ (శుభ్రత) రేటింగ్ తెచ్చింది, ఐదు స్మైలీల దాకా. కానీ ఇష్టమున్నవాళ్లే తీసుకోవచ్చట! ఒక్క స్మైలీ వచ్చేవాడు ఎందుకు తీసుకుంటాడు? పరీక్ష రాస్తావా అని పిల్లాడినే అడిగినట్టుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2013 నుంచి ఇలాంటి రేటింగే, సున్నా వచ్చినా సరే, తలుపు దగ్గర అంటించాల్సిందే.

రోజూ వేలమంది కొండకు వచ్చే ఊరు ఇది. తిరుపతిలో దిగగానే వాళ్లు తినేది ఇలాంటి చోటే. కడుపు పట్టుకుని క్యూలో నిలబడితే ఎవరిది బాధ్యత? ఆ క్యూలో ఎన్ని గంటలో తెలుసు కదా!

చేయి కడుక్కుందామని వెళ్తే సబ్బు లేదు. బిల్లిస్తూ ఓనరు నవ్వాడు: "గూగుల్‌లో ఐదు స్టార్లు కొట్టండి సార్."