ఇ-క్యాడ్‌హెరిన్ గారికి, కండువా విషయమై

శ్రీ ఇ-క్యాడ్‌హెరిన్ గారికి,

నమస్కారాలు. కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే ప్రొటీన్ మీరు; మొదటి నుంచీ పార్టీనే నమ్ముకున్న నిఖార్సైన కార్యకర్త అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. పక్క కణం మీద ఉన్న మీలాంటి ప్రొటీన్‌ చెయ్యి పట్టుకుంటారు. కణం లోపల క్యాటెనిన్లనే ప్రొటీన్ల ద్వారా, కణానికి ఆకారమిచ్చే యాక్టిన్ పోగులకు ముడిపడి ఉంటారు. చర్మం, పేగు, పాలనాళం... ఏ పొర చెదరకుండా ఉన్నా అందులో మీ చలవ ఉంటుంది. క్యోటోలో మసతోషి తకెయిచి బృందం 1980లలో మీ కుటుంబానికి పేరు పెట్టింది. ఆ తర్వాత మీ గురించి రాసినవాళ్లు ఎక్కువగా చెప్పింది ఒకటే: మీరుంటే కణం కదలదు, మీరు పోతే క్యాన్సర్ పొలిమేర దాటుతుంది.

సాక్ష్యాలూ గట్టివే. న్యూజిలాండ్‌లో ఒక మావోరి కుటుంబాన్ని తరతరాలుగా కడుపు క్యాన్సర్ ఎందుకు వెంటాడుతోందో 1998లో తేలింది. మీ జన్యువు సీడీహెచ్1లోనే లోపం. అలాంటి లోపం ఉన్నవాళ్లకు, జబ్బు రాకముందే కడుపు మొత్తం తీయించుకోమని డాక్టర్లు సలహా ఇస్తున్నారు. లోబ్యులర్ రకం రొమ్ము క్యాన్సర్‌లోనూ చాలావరకు మీరు కనబడరు. కణాలు ఒకదాని వెనక ఒకటి వరసకట్టి నడిచిపోతుంటాయి. పాథాలజిస్టు మిమ్మల్ని గుర్తుపట్టే రంగు వేసి, కణాల అంచున గోధుమ గీత లేదని చూసి, 'నెగెటివ్' అని రాస్తారు.

స్నెయిల్, ట్విస్ట్ అనే ప్రొటీన్లు మీ జన్యువు నోరు నొక్కేస్తాయి. మీ సీట్లోకి మీ కుటుంబంవాడే అయిన ఎన్-క్యాడ్‌హెరిన్ వస్తాడు, కణం కండువా మార్చి కదులుతుంది. తెలుగు రాజకీయాలు చూసేవాళ్లకు ఇంతకుమించి విడమరిచి చెప్పక్కర్లేదు.

కథ ఇక్కడితో ఆగితే మీకు సన్మానం చేసేవాళ్లం. కానీ 2014లో రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను పరిశీలించారు. విడివిడిగా తిరిగే కణాలకంటే గుంపుగా అంటుకుని తిరిగేవి అరుదే. అయినా ఎలుకల్లో కొత్తచోట పాగా వేసే సత్తా వాటికి 23 నుంచి 50 రెట్లు ఎక్కువ! 2019లో, మీరు సాధారణంగా ఉండే డక్టల్ రకం రొమ్ము క్యాన్సర్ నమూనాల్లో మిమ్మల్ని తీసేసి చూశారు. కణాలు పక్క కణజాలంలోకి ఇంకా జోరుగా చొరబడ్డాయి గానీ, దారిలో చాలామటుకు చచ్చాయి. దూరపు అవయవాల్లో గడ్డలు తగ్గాయి. అంటే కణాలను బతికించి ఊరు దాటించినవాళ్లలో మీరూ ఉన్నారన్నమాట.

ఫిరాయింపుల చట్టం గుర్తుందా? ఒక్కడు దూకితే అనర్హత. మూడింట రెండు వంతుల మంది కలిసి వెళ్తే విలీనం, అందరి పదవులూ భద్రం. ఆ లొసుగు రక్తనాళంలోనూ ఉందని, చేతులు కలిపి ఉంచేవాళ్లలో మీరూ ఉన్నారేమోనని ఇప్పుడు అనుమానం.

పోనీ మిమ్మల్నే అడ్డుకుందామా? పేగుల గోడ ఊరుకోదు. కాపాడుకుందామా? ఎవరి గుంపును కాపాడినట్టో చెప్పలేం. మీరు లేని లోబ్యులర్ క్యాన్సర్ ఎముకలదాకా వెళ్తుంది, మీరున్న డక్టల్ క్యాన్సరూ వెళ్తుంది. మీలాగే అంటిపెట్టుకునే పని చేసే ఇంటెగ్రిన్ల మీద ఒకసారి ధైర్యం చేశారు. సిలెంజిటైడ్ అనే మందుతో ఆ పట్టు విడిపిద్దామని మెదడు క్యాన్సర్ రోగుల్లో పెద్ద ట్రయల్ నడిపారు. 2014లో ఫలితం వచ్చింది: ఆయుష్షు పెరగలేదు.

కాబట్టి మీ రిపోర్టులో ఒక కాలమ్ పెంచమని మనవి. 'ఉన్నారా, లేరా' అన్నదొక్కటే చాలదు. 'ఎవరితో ఉన్నారు' అన్నదీ ఉండాలి.

ఇట్లు,
మీ పేరు రాసి మార్కులు తెచ్చుకున్న ఒక బయాలజీ విద్యార్థి

తా.క.: క్యాల్షియం లేకపోతే మీ పట్టు సడలుతుందని తెలుసు. ఒంట్లోంచి దాన్ని తోడేద్దామంటే ముందు గుండె ఆగుతుంది. ఆ ధైర్యంతోనే మీరు ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నారని మా అనుమానం.